కొట్టలేదనడం వేరు, కాపాడుకున్నామనడం వేరు

న్యాయ సలహా: పాఠకుల ఉత్తరాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నిందితుల ఇళ్ల నుంచి వచ్చినవే. కేసులో ఇరుక్కున్న ఇంటికి ముందు భయం వస్తుంది, దాని వెనకే తప్పుడు సలహాలు వస్తాయి. అందుకని ఈ సంచికలో చోటంతా వారికే ఇస్తున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను.

ప్రశ్న: లాయరమ్మగారికి నమస్కారం. మా తమ్ముడికీ పక్క పొలం వాళ్లకూ గట్టు తగాదా ఎప్పటి నుంచో ఉంది. పోయిన వారం రాత్రి తమ్ముడు నీళ్లు పెట్టడానికి చేలోకి వెళ్తే, వాళ్లు నలుగురు కర్రలతో వచ్చి మీద పడ్డారు. తమ్ముడు చేతిలో ఉన్న పార తిరగేసి కర్ర వైపుతో కొట్టాడు. వాళ్లలో ఒకతని మోచేతి ఎముక విరిగింది. తమ్ముడికి తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి, ఎడమ చేయి వాచింది. కుట్లు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే వేయించాం. వాళ్లు మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లి కేసు పెట్టారు. సెక్షన్ 118(2) అంటున్నారు. తమ్ముడు ఇప్పుడు బంధువుల ఇంట్లో తలదాచుకున్నాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన, "ఆ రాత్రి వాడు పొరుగూరిలో పెళ్లిలో ఉన్నాడని చెబుదాం, సాక్షులను నేను చూసుకుంటాను" అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక అక్క, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ పెళ్లి మాట పక్కన పెట్టండి. ఆ పెద్దమనిషి ఎంత ప్రేమతో చెప్పినా సరే, ఆ సలహా మీ తమ్ముణ్ణి జైలుకు పంపే సలహా.

"ఘటన జరిగినప్పుడు నేను అక్కడ లేను" అనే వాదనను కోర్టుల్లో ఎలిబీ అంటారు. అది నిజమైనప్పుడు చాలా బలమైన వాదన. కానీ నిందితుడు ఆ సమయంలో అక్కడ ఉండే వీలే లేనంత దూరంలో ఉన్నాడని గట్టిగా రుజువు చేయాలి. ఈ మాట సుప్రీంకోర్టు 1996లో బినయ్‌కుమార్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మీ తమ్ముడి తల మీద ఆరు కుట్లున్నాయి. అవి పెళ్లిలో పడ్డాయంటారా? ఫోను ఆ రాత్రి ఏ టవరు కింద ఉందో పోలీసులు తెప్పిస్తారు. పెళ్లి ఫొటోల్లో మీ తమ్ముడు కనిపించడు. తెచ్చిన సాక్షులు ఎదురు పరీక్షలో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, నాలుగో ప్రశ్నకే తడబడతారు. అబద్ధమని తేలిన ఎలిబీని నిందితుడికి వ్యతిరేకంగానే లెక్కలోకి తీసుకుంటారు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. చేలో లేనే లేనని చెప్పినవాడు, చేలో తనను నలుగురు కొట్టారని ఏ నోటితో చెబుతాడు? నిజమైన రక్షణ చేతిలో ఉండగా దొంగ రక్షణ కోసం దాన్ని పారేసుకోవడం నేను చూస్తూ ఊరుకోలేను.

ఆ నిజమైన రక్షణ పేరు ఆత్మరక్షణ హక్కు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు దీని గురించే. పాత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106 వరకు ఉండేవి. నంబర్లు మారాయి కానీ సారం 1860 నాటిదే. తన శరీరాన్నీ, పక్కవాడి శరీరాన్నీ, తన ఆస్తినీ దాడి నుంచి కాపాడుకోవడానికి చేసిన పని నేరం కాదు. ప్రాణం పోతుందనో, తీవ్ర గాయమవుతుందనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీయడానికి కూడా ఆ హక్కు విస్తరిస్తుంది. రాత్రిపూట ఒంటరి మనిషి మీదకు నలుగురు కర్రలతో వస్తే ఆ భయం సహేతుకం కాదని ఏ కోర్టూ అంత తేలిగ్గా అనదు. పారిపోలేదేమని కూడా అడగరు. పిరికివాడిలా పరుగెత్తమని చట్టం ఎవరినీ కోరదని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో చెప్పింది.

హక్కుకు హద్దులున్నాయి. అవసరానికి మించి కొట్టకూడదు. పోలీసులను పిలిచేంత వ్యవధి ఉంటే పిలవాలి. అర్ధరాత్రి చేలో ఆ వ్యవధి ఉండదు. దాడికి మొదట దిగినవాడికి సాధారణంగా ఈ హక్కు దొరకదు. ప్రమాదం ఉన్నంతసేపే హక్కు ఉంటుంది. వాళ్లు వెనుదిరిగి పరుగెడుతుంటే వెంటాడి కొట్టిన దెబ్బ ఆత్మరక్షణ కాదు, పగ. ఈ విషయం తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడగండి. ఆ మోచేతి దెబ్బ ఎప్పుడు పడింది? అతను కర్ర ఎత్తినప్పుడా, పోతున్నప్పుడా? మీకు చెప్పకపోయినా లాయరుకు నిజం చెప్పమనండి.

మీరు ఒక మాట రాశారు: పార తిరగేసి కర్ర వైపుతో కొట్టాడని. మీ ఉత్తరం మొత్తంలో నాకు విలువైనదిగా కనిపించింది అదే. ఇనుము వైపు వాడితే ప్రాణం పోయేది. అంత గొడవలోనూ మీ తమ్ముడు ఇనుము వైపు వాడలేదు. దెబ్బ అవసరానికి మించలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ పారను కడగకండి, దాచకండి, విరగ్గొట్టకండి. సాక్ష్యం మాయం చేయడం మరో నేరమవుతుంది. లాయరు ద్వారా పోలీసులకు అప్పగించండి.

ఎంత మోతాదు దెబ్బ సరైనదో కోర్టు తీరిగ్గా కూర్చుని తూకం వేస్తుందని భయపడకండి. 1950 మార్చిలో ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మత ఘర్షణలు జరిగాయి. ఒక దుకాణదారు తన దుకాణం మీదకు గుంపు వస్తుంటే తుపాకీ పేల్చాడు. ఒకరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1952లో సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేస్తూ, ఇలాంటి వాటిని బంగారం తూచే త్రాసులో తూచకూడదని రాసింది. అమ్జద్ ఖాన్ కేసు అంటారు. ఇప్పటికీ మేం వాదనల్లో ఎత్తి చూపే తీర్పు అది.

ఇక అసలు లోటు ఎక్కడుందంటే, మీ తమ్ముడి గాయం ఏ కాగితం మీదా లేదు. ఎదుటివాళ్ల గాయాలు పెద్దాసుపత్రి రిజిస్టరులో ఎక్కాయి. కోర్టు దగ్గర ఇప్పుడున్నది సగం కథే. ఈ వ్యవహారాల్లో గాయాల ధ్రువపత్రమే ప్రాణం. అందులో డాక్టరు కొలిచి రాస్తారు: నడినెత్తికి ఎడమ పక్కన ఇంత పొడవు గాయం, ఎడమ ముంజేతి వెలుపలి వైపు ఇంత మేర కమిలిన గాయం అని. విచారణలో డాక్టరు బోను ఎక్కాక మేం అడిగేది చిన్న ప్రశ్న: "తల మీదకు వస్తున్న దెబ్బను చేయి అడ్డుపెట్టి ఆపుకొంటే ముంజేతికి ఇలాంటి గాయం కావచ్చా?" కావచ్చు అంటారు డాక్టరు. అంతటితో కూర్చుంటాం. ఆ ఒక్క జవాబుతో దాడి ఎవరు చేశారన్న ప్రశ్న మళ్లీ తెరుచుకుంటుంది. నిందితుడి ఒంటి మీద గాయాలున్నా అవి ఎలా అయ్యాయో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే, వాళ్లు ఘటనను ఉన్నదున్నట్టు చెప్పడం లేదని అనుమానించవచ్చని 1976లో లక్ష్మీసింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కాగితం లేకపోతే ఆ మాట మీకు ఎలా అక్కరకొస్తుంది?

కాబట్టి ఆలస్యమైనా సరే, కుట్ల గుర్తులు మానకముందే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. అక్కడి నుంచి పోలీసులకు కబురు వెళుతుంది. వెళ్లనివ్వండి. 118(2) అంటే ప్రమాదకర ఆయుధంతో తీవ్ర గాయం చేశారని. యావజ్జీవం గానీ, ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు గానీ శిక్ష పడే సెక్షను, బెయిలు హక్కుగా రాదు. అందుకని ఆసుపత్రికి వెళ్లే ముందే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు పిటిషను వేయించండి. తలకు కుట్లు వేసిన ఆర్‌ఎంపీ పేరు కూడా దాచకండి. రక్తం అంటిన చొక్కా ఉతికేసి ఉండకపోతే చాలు.

మీ తరఫు ఫిర్యాదు కూడా ఇవ్వండి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపి, ఆ రసీదుతో మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. ఇన్ని రోజులు ఎందుకు ఆగారంటే, భయపడి ఊరు విడిచాడని నిజమే రాయండి. వాళ్లు పెట్టిన కేసూ, మీరు ఎదురు పెట్టే కౌంటర్ కేసూ రెండూ ఒకే జడ్జి ముందు, ఒకదాని వెంట ఒకటి నడవాలన్నది సుప్రీంకోర్టు 1990లో పెట్టిన పద్ధతి.

ఆత్మరక్షణ అని రుజువు చేసుకోవలసిన భారం నిందితుడి మీదే ఉంటుంది. అయితే ప్రాసిక్యూషన్‌లాగా అనుమానానికి తావులేకుండా రుజువు చేయనక్కరలేదు. అలా జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ అనిపిస్తే చాలు, అదీ ఎదుటి సాక్షుల నోటి నుంచే రాబట్టవచ్చు. నిందితుడు నోరు తెరిచి ఆత్మరక్షణ అనకపోయినా, సాక్ష్యంలో అది కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చు. అలాగని దాని మీద ఆధారపడవద్దు. చివర్లో జడ్జిగారు నిందితుణ్ణి ప్రశ్నలు అడిగే ఘట్టం ఉంటుంది. మన కోర్టుల్లో చాలామంది అన్ని ప్రశ్నలకూ "అబద్ధమండీ" అని ఒకే మాట చెప్పి దిగిపోతారు. మీ తమ్ముడు అలా చేయకూడదు. కర్రలతో ఎవరెవరు వచ్చారో, తన తల ఎలా పగిలిందో ఆ రోజు చెప్పాలి. రాతపూర్వకంగా కూడా ఇవ్వవచ్చు.

ప్రశ్న: మా ఆయన తాగిన మత్తులో ఒక దుకాణం అద్దాలు పగలగొట్టి, యజమానిని చెంప మీద కొట్టారు. ఏం చేశారో ఆయనకే గుర్తులేదు. మత్తులో చేసినదానికి మాఫీ ఉంటుందని ఎవరో అన్నారు. నిజమేనా?
– ఖమ్మం

జవాబు: లేదమ్మా. తనకు తెలియకుండా గానీ, తన ఇష్టానికి వ్యతిరేకంగా గానీ ఎవరైనా మత్తు పట్టించి, దానివల్ల ఏం చేస్తున్నాడో తెలియని స్థితికి చేరినవాడికే ఆ రక్షణ. తనంతట తాను తాగినవాడికి కాదు. కాకపోతే మామూలు గాయం, ఆ యజమాని ఆస్తికి జరిగిన నష్టం వంటివి బాధితుడు ఒప్పుకుంటే చట్టప్రకారమే రాజీ చేసుకోదగిన కేసులు. అద్దాల డబ్బు కట్టి, ఆయన స్వయంగా వెళ్లి క్షమాపణ అడిగితే లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. ఆ యజమాని ఒప్పుకోకపోతే ఒత్తిడి చేయకండి. అది ఆయన హక్కు.

ప్రశ్న: నేను ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాను. దుకాణంలో ఫోన్లు పోయాయి. నన్ను స్టేషనుకు పిలిచి, నేనే తీశానని రాసిన కాగితం మీద సంతకం పెట్టించారు. తర్వాత మా గదిలో మంచం కింద రెండు ఫోన్లు దొరికినట్టు ఇంకో కాగితం రాశారు. ఆ గదిలో నాతోపాటు మరో ముగ్గురు ఉంటారు. సంతకం పెట్టేశాను కాబట్టి ఇక నా పని అయిపోయినట్టేనా?
– ఒక యువకుడు, విజయవాడ

జవాబు: అయిపోలేదు బాబూ, ధైర్యంగా ఉండు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నీ మీద సాక్ష్యంగా రుజువు చేయడానికి వీల్లేదు. కొత్త సాక్ష్య అధినియమం 23వ సెక్షను ఆ మాటే చెబుతోంది. నువ్వు సంతకం పెట్టినా, వేలిముద్ర వేసినా అంతే. దీనికి ఒక మినహాయింపు ఉంది: నువ్వు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా కొత్త సంగతి బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మాటల వరకు కోర్టు చూస్తుంది.

ఆ మినహాయింపు ఎంతవరకు అన్నదాన్ని తేల్చింది మన గుంటూరు జిల్లా కేసే. పులుకూరి కోటయ్య కేసు అంటారు. గ్రామ కక్షల్లో రెండు హత్యలు జరిగాయి. ఒక నిందితుడి మాటలను మధ్యవర్తినామాలో, అంటే మధ్యవర్తుల ఎదుట పోలీసులు రాసే పత్రంలో, రాసుకున్నారు: మాటు వేశాం, కొట్టి చంపాం, బల్లెమూ నా కర్రా ఫలానావారి వామిలో దాచాను, వస్తే చూపిస్తాను అని. కేసు గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి మద్రాసు హైకోర్టుకూ, అక్కడి నుంచి అప్పట్లో ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కూ వెళ్లింది. వామిలో దాచాను, చూపిస్తాను అన్న ముక్క మాత్రమే చెల్లుతుందనీ, చంపామన్న మాటలు చెల్లవనీ ప్రివీ కౌన్సిల్ తేల్చింది. 1947 నాటి లా రిపోర్టుల్లో అచ్చయిన ఆ తీర్పును నేటికీ దేశమంతటా కోర్టులు ఉదాహరిస్తాయి. మన పల్లెటూరి గడ్డివామి గురించిన వాక్యం ఇప్పుడు నీకు కవచం.

నీ విషయంలో అడగవలసినవి ఇవి. ఫోన్లు అక్కడున్న సంగతి నీకొక్కడికే తెలుసునా? నలుగురు పడుకునే గదిలో మంచం కిందివి నీవేనని ఎలా అంటారు? మధ్యవర్తులుగా సంతకాలు చేసినవాళ్లు ఎవరు, గదికి నిజంగా వచ్చారా? ఆ ఫోన్ల ఐఎంఈఐ నంబర్లు (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు నంబర్లు) దుకాణం స్టాకు పుస్తకంలో ఉన్నాయా? ఇవన్నీ నీ లాయరు పట్టుకోవలసిన కొసలు. ఒకవేళ తీసింది నిజమే అయితే అది కూడా లాయరుకే చెప్పు, నాకు రాయకు.

నిన్ను కొట్టి సంతకం తీసుకుని ఉంటే, మేజిస్ట్రేటు ముందు నిలబడిన మొదటిసారే చెప్పాలి. కానిస్టేబులు పక్కనున్నాడని ఊరుకోవద్దు. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగు. నిర్బంధంలో ఉన్నవారికీ, మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

ప్రశ్న: మా నాన్న మామిడి తోటకు కాపలా ఉంటారు. రాత్రి చప్పుడైతే దొంగలనుకొని కర్ర విసిరారు. అది దారి తప్పి వచ్చిన పక్క తోట కూలీకి తగిలి కన్ను దెబ్బతింది. నాన్న అప్పటి నుంచి అన్నం తినడం లేదు. పొరపాటున చేసింది కూడా నేరమేనా?
– జగిత్యాల జిల్లా

జవాబు: ఉన్న విషయాన్ని మరొకటిగా పొరబడి, తాను చేస్తున్నది చట్టం ఒప్పుకునే పనేనని సద్భావంతో నమ్మి చేస్తే అది నేరం కాదు. చట్టం తెలియక చేశాననడానికి మాత్రం ఈ రక్షణ వర్తించదు.

1958లో ఒరిస్సాలోని రసగోవిందపూర్ దగ్గర, పాడుబడిన విమానాశ్రయంలో జరిగిన ఘటన చెబుతాను. అక్కడ దయ్యాలున్నాయని ఊరివాళ్ల నమ్మకం. ఒక నేపాలీ పనివాడు అర్ధరాత్రి చెట్టు కింద మిణుకుమిణుకుమంటున్న వెలుగునూ, దాని చుట్టూ కదులుతున్న ఆకారాలనూ చూశాడు. దయ్యాలనుకొని ఖుక్రీతో, అంటే నేపాలీల వంపు కత్తితో, మీద పడ్డాడు. వాళ్లు లాంతరు పెట్టుకొని ఇప్పపూలు ఏరుకుంటున్న గిరిజన స్త్రీలు. ఒకామె చనిపోయింది, మిగిలినవారు గాయపడ్డారు. సెషన్స్ కోర్టు విడుదల చేసింది, హైకోర్టు సమర్థించింది. ఇంకాస్త జాగ్రత్తపడి ఉంటే ఆ ఘోరం తప్పేదన్నంత మాత్రాన రక్షణ పోదని చెప్పింది. పూలు ఏరుకోవడానికి వచ్చి చనిపోయిన ఆ తల్లిని తలుచుకున్నప్పుడల్లా, ఈ రక్షణను తేలిగ్గా వాడకూడదని నాకు అనిపిస్తుంది.

సద్భావం అంటే చట్టం దృష్టిలో తగిన జాగ్రత్త తీసుకోవడం. మీ నాన్నగారు ముందు "ఎవరది" అని కేకేశారా? చేతిలో టార్చి ఉందా, వేశారా? అంతకుముందు తోటలో దొంగతనాలు జరిగి ఫిర్యాదు చేశారా? కేకేసినా పలకలేదంటే వాదనకు బలముంటుంది. కేకే వేయకపోతే నిర్లక్ష్యం కిందకు రావచ్చు. అందుకు శిక్ష తక్కువ. ఏమైనా ఆ కూలీ కంటి చికిత్స ఖర్చు మీరు పెట్టుకోండి. మనిషిగా చేయవలసిన పని అది, దానివల్ల కేసులో నష్టం ఉండదు.

ప్రశ్న: మా అబ్బాయికి స్కిజోఫ్రేనియా. ఎర్రగడ్డ ఆసుపత్రి మందులు వాడేవాడు. నాలుగు నెలలుగా మానేశాడు. ఒకరోజు తన మేనమామే తనకు విషం పెడుతున్నాడంటూ రోకలితో కొట్టాడు. మా తమ్ముడు చనిపోయాడు. కొట్టాక వాడు అక్కడే కూర్చుని నన్ను అన్నం పెట్టమన్నాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నేను చనిపోయినవాడి అక్కను, చంపినవాడి తల్లిని. ఎవరి వైపు నిలబడాలో తెలియడం లేదు.
– రంగారెడ్డి జిల్లా

జవాబు: అమ్మా, మీ కొడుకు కోసం నిలబడితే తమ్ముడికి ద్రోహం చేసినట్టు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పండి, ఇద్దరికీ న్యాయం చేసినవారవుతారు.

న్యాయ సంహిత 22వ సెక్షను ప్రకారం, మతి స్థిమితం లేక తాను చేస్తున్న పని ఏమిటో గానీ, అది తప్పనో చట్టవిరుద్ధమనో గానీ తెలుసుకోలేని స్థితిలో చేసింది నేరం కాదు. జబ్బు ఉందని డాక్టరు చీటీ చూపిస్తే సరిపోదు. ఆ పని చేసిన సమయానికే ఆ స్థితి ఉండాలి. దానికోసం కోర్టులు ఘటనకు ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నాడో చూస్తాయి. రోకలి దాచిపెట్టి పారిపోయినవాడికి తప్పు చేశానన్న ఎరుక ఉన్నట్టు లెక్క. రక్తంలో కూర్చుని తల్లిని అన్నం అడిగినవాడి సంగతి వేరు. అది చూసినవారు మీరే. కోర్టులో అది చెప్పగలిగేదీ మీరే. ఆ నాలుగు నెలల్లో విషం గురించి ఇంకెవరితో అన్నాడు, రాత్రులు నిద్రపోయేవాడా, తిండి ముట్టేవాడా, ఇవన్నీ ఇరుగుపొరుగు చేత చెప్పించండి. ఇందులోనూ రుజువు భారం నిందితుడిదే, అయితే అవకాశాల మొగ్గు చూపితే చాలు. 1964లో దాహ్యాభాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. మతి స్థిమితం లేదని పూర్తిగా రుజువు చేయలేకపోయినా, ఆ సాక్ష్యం వల్ల అసలు చంపాలన్న ఉద్దేశం ఉందా అన్న అనుమానం కలిగితే ఆ లాభం నిందితుడిదే.

దీనికి సంబంధంలేని రెండో విషయం: ఇప్పుడు వాడు విచారణను అర్థం చేసుకునే స్థితిలో ఉన్నాడా? లేకపోతే లాయరు చేత వెంటనే పిటిషను వేయించండి. కోర్టు మానసిక వైద్యుల చేత పరీక్ష చేయించి, అవసరమైతే విచారణ ఆపుతుంది. రేపు నిర్దోషి అని తేలినా నేరుగా ఇంటికి పంపుతారని అనుకోకండి. సురక్షిత నిర్బంధంలో ఉంచమనవచ్చు, లేదా బాధ్యత రాసిచ్చిన బంధువుకు అప్పగించవచ్చు. ఆ బాధ్యత మీరు మోయగలరా అన్నది ఇప్పటి నుంచే ఆలోచించుకోండి. మోయలేనంటే మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.

ఓపీ చీటీలు, పాత మందుల బిల్లులు ఏవీ పారేయకండి. అసలు చీటీలు మీ దగ్గరే ఉంచుకొని, మందుల పేర్లున్న కాగితం నకలు రేపే జైలు వైద్యాధికారికి అందజేసి, అందినట్టు సంతకం తీసుకోండి. కేసు వాయిదా ఎప్పుడైనా సరే, మందు మాత్రం ఈ రోజు నుంచే పడాలి.